మా చెల్లె తల మీద ఒట్టు

"మీ అమ్మగారి వైపు ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందా?" అని దవాఖానలో డాక్టరమ్మ మా చెల్లెను అడిగింది. చెల్లె నా వైపు చూసింది. మా అమ్మ పోయేనాటికి దానికి మూడేళ్లు. అమ్మ ముఖం కూడా దానికి గుర్తు లేదు. అమ్మ గురించి ఏ సంగతి కావాలన్నా నన్నే అడగాలి.

"లేదమ్మా. మా ఇంట్ల ఎవ్వరికి లేదు. మా అమ్మ కామెర్లతోని పోయింది" అన్నాను.

డాక్టరమ్మ తల ఊపి కాగితం మీద రాసుకుంది. నేను చెప్పింది అబద్ధం. అది అబద్ధమని ఈ భూమి మీద నా ఒక్కదానికే తెలుసు.

తెలంగాణ కోసం పిల్లలు రోడ్ల మీదికి వచ్చిన మొదటి చలికాలం అది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల షట్టర్లు ఎప్పుడు మూస్తారో, ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలిసేది కాదు. మా చెల్లెకు రొమ్ములో గడ్డ వచ్చింది. దానికప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. ఆపరేషన్ చేశారు, మందులు ఎక్కించారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. జుట్టంతా ఊడి మళ్లీ వచ్చింది. ఈసారి ఉంగరాలు తిరిగి వచ్చింది. "చూసినవా అక్కా, రోగం పోయి షోకు వచ్చింది" అని అద్దం ముందు నిలబడి నవ్వేది. అందరం గండం గడిచిందనుకున్నాం.

మా అమ్మది కామెర్లు కాదు. కడుపు ఉబ్బడంతో మొదలైంది. రెండు ముద్దలు తినగానే చాలనేది. నల్లగొండలో పెద్ద డాక్టరుకు చూపించుకుని వచ్చాక మా అమ్మమ్మ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అమ్మమ్మ ఇంట్లో నాలుగు బర్రెలుండేవి. ఊళ్లో సగం ఇళ్లకు మా పాలే. అమ్మ పోయిన రోజు మధ్యాహ్నం, ఇంకా శవం ఇంట్లోనే ఉంది, అమ్మమ్మ నన్ను బర్రెల కొట్టంలోకి పిలిచింది. నిద్రపోతున్న చెల్లెను నా ఒడిలో పడుకోబెట్టింది. నా కుడిచెయ్యి తీసుకుని దాని తల మీద పెట్టింది.

"గడ్డ రోగమని తెలిస్తే మన చెంబు ఒక్కడు ముట్టడు. పాలు మోరీల పొయ్యాలె. కామెర్లని చెప్పు. ఎవ్వరికి నిజం చెప్పినా ఈ పోరి తల పగుల్తది. అను."

నాకు పద్నాలుగేళ్లు. అన్నాను. దాని తల వెచ్చగా, చెమటగా ఉంది.

తర్వాత చెల్లెను పెంచింది నేనే. పేలు చూసింది, బడికి పంపింది, పెళ్లి చేసింది నేనే. ఆ తల మీద నూనె రాసినప్పుడల్లా ఆ మాట గుర్తొచ్చేది. అమ్మమ్మ బతికున్న రోజుల్లోనైనా ఒట్టు తీసెయ్యమని కాళ్లు పట్టుకుంటే సరిపోయేది. సిగ్గుపడి అడగలేదు. పెట్టించుకున్న మనిషే పోయాక ఆ ఒట్టు ఎవరు తీస్తారు? ఇంత వయసొచ్చాక కూడా నమ్మానా అంటే, నమ్మాననే చెప్పాలి. వేరే ఎవరి తల మీద పెట్టినా ఎప్పుడో చెప్పేసేదాన్ని.

కొత్తపేటలో మా ఇంటి మేడ మీద ఒక గది ఉంది. గుంటూరు వైపు అమ్మాయికి కిరాయికి ఇచ్చాం. ఊరికి అవతలి కొసన ఉన్న పెద్ద ల్యాబులో పరిశోధన చేసేది. ఏం చదువుతున్నావు బిడ్డా అంటే, క్యాన్సర్ కణాలు పెంచుతానండీ అంది. "పెంచుడేంది? మందులు పెట్టి చంపాలె గని!" అన్నాను. నవ్వి, చంపాలన్నా ముందు పెంచాలి కదండీ అంది.

రెండేళ్ల తర్వాత పెద్ద సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బళ్లు మూశారు, కరెంటు పోయి వస్తుండేది. ఆ అమ్మాయి ల్యాబుకు పోలేక మెట్ల మీద దిగులుగా కూర్చునేది.

"నా కణాలకు తిండి మార్చాలి ఆంటీ. ఆకలితో చచ్చిపోతాయేమో."

"చావనీ బిడ్డా, క్యాన్సరే గదా!"

"అయ్యో, మూడేళ్ల కష్టం ఆంటీ!"

పనిలేక నా దగ్గరికి వచ్చి కూర్చునేది. నేను చీరలకు ఫాల్ కుడతాను, రఫ్ఫు చేస్తాను. రఫ్ఫు అంటే, చిరిగిన చోట మళ్లీ పోగులు అల్లి, చిరిగిందని తెలియకుండా చెయ్యడం. ఆరోజు ఒక వంకాయరంగు పట్టుచీర నా ఒళ్లో ఉంది. ఎవరో స్కూటర్ ఎక్కుతూ చింపుకున్నారు. సరిగ్గా బుటా మధ్యలో చిరిగింది. చీర లోపలి చెంగులో, కట్టుకుంటే ఎవరికీ కనబడని చోటునుంచి నాలుగు పోగులు లాగాను. పక్క బుటా చూస్తూ, పోగు పైకి, పోగు కిందికి అల్లుతున్నాను. ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుని చూసింది.

"ఆంటీ, ఎందుకండీ పక్కదాన్ని చూస్తున్నారు?"

"చూడకుంటే ఎట్ల తెలుస్తది, పోయిన చోట ఏముండెనో?"

"మా కణాలు చేసేది అచ్చం ఇదే!" అని కింద చాప మీదికి జారి కూర్చుంది. "కణం రెండు కావాలంటే ముందు లోపలున్న డీఎన్‌ఏ పోగుకి మొత్తం నకలు తీసుకోవాలండీ. క్యాన్సర్ కణానికి ఆగడం తెలీదు. సరుకు చాలకపోయినా నకలు మొదలెట్టేస్తుంది. మధ్యలో చిక్కుకుని నిలబడిపోతుంది. నిలబడిపోయిన చోట పోగు తెగిపోతుంది."

"పండుగ ముందట తొందరపెడితే మగ్గం మీద గట్లనే తెగుతది."

"అంతేనండీ. తెగాక రెండు దారులు. తెగిన కొసలు రెండూ పట్టుకుని ముడేసెయ్యడం ఒకటి."

"ముడేస్తే మధ్యల బుటా పోతది."

"పోతుంది. అక్కడ రాసున్న సంగతి పోతుంది. రెండోది మీరు చేసేదే. కొసని కాస్త విప్పుకుని, కొత్తగా తయారైన రెండో నకలు దగ్గరికెళ్లి, అందులో ఇదే చోటు వెతుక్కుని, చూసి రాసుకుని, వచ్చి అతుక్కుంటుంది. ఆ రెండో నకల్ని మేం తోబుట్టువు అంటాం ఆంటీ. ఇది నెమ్మదిగా జరిగే పని. చాలామంది పనివాళ్లు కావాలి."

నాకు సంబరమైంది. ఎవరికీ కనబడకుండా నేను చేసే పనిని ఒంట్లో ఎవరో చేస్తున్నారంటే, గర్వంగా కూడా అనిపించింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"కొన్ని ఇళ్లలో ఆ పనివాళ్లలో ఒకరు పుట్టుకతోనే సరిగ్గా ఉండరండీ" అని చెప్పుకుపోయింది. "అమ్మ ఇచ్చిన వంతు ఒకటి, నాన్న ఇచ్చిన వంతు ఒకటి ఉంటాయి. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. అందుకని ఏళ్ల తరబడి తెలీదు. ఎప్పుడో ఏదో ఒక కణంలో రెండోది కూడా పోతుంది. ఇక ఆ కణానికి మీలాగా అల్లడం రాదు. తెగిన ప్రతిచోటా ముడి. ముడి మీద ముడి. అలా పాడై పాడై క్యాన్సర్ అవుతుంది. ఆ ఇళ్ల ఆడవాళ్లకి రొమ్ములో రావచ్చు, అండాశయంలో రావచ్చు. అందరికీ రావాలని లేదు. కానీ ఒకచోట వచ్చాక రెండోచోట రాదని కూడా లేదు. ముందే తెలిస్తే డాక్టర్లు అండాశయాలు తీసేస్తారు, రాకముందే."

నేను మూడు పోగులు తప్పు అల్లాను. విప్పుకోవాల్సి వచ్చింది.

"మీ చెల్లెలుగారికి చిన్న వయసులోనే వచ్చింది కదా ఆంటీ. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"లేదు బిడ్డా" అన్నాను. తల ఎత్తకుండానే అన్నాను.

ఆ వారమే ఎల్‌బీ నగర్ పోయాను. మా మరిది, చెల్లె మొగుడు, ఆర్టీసీ డ్రైవరు, సమ్మెలో ఉన్నాడు. చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పాటలు, డప్పులు, గులాబీ కండువాలు. మా చెల్లె పెద్ద గంటెతో అన్నం వడ్డిస్తోంది. అందరికీ పెట్టింది గానీ తను తినలేదు.

"రెండు బుక్కలు తినంగనే నిండుతున్నదక్కా. గ్యాసు పట్టింది. చూడు, జాకెట్టు వదులైంది గని నడుం కాడ బిగుసుకుంటున్నది" అని చీర కుచ్చిళ్లు కొంచెం జరిపి చూపించింది. లంగా నాడా పట్టిన చోట ఎర్రగా గీత పడి ఉంది. దాని పైన కడుపు నున్నగా, బిర్రుగా ఉంది.

ఆ కడుపు నేను ఇంతకుముందు చూశాను. అమ్మకు తడిబట్టతో ఒళ్లు తుడిచేటప్పుడు రోజూ చూశాను. పద్నాలుగేళ్లప్పుడు చూసినది కళ్లు మరిచిపోవు. డాక్టర్ల కన్నా ముందు, దాని మొగుని కన్నా ముందు, ఆ చౌరస్తాలో నాకు తెలిసిపోయింది.

"వాము నమిలి వేడినీళ్లు తాగు" అన్నాను.

పన్నెండు రోజులు దానికి వాము పంపాను. ఉప్పు కలిపి వేయించి, పొట్లం కట్టి, ఎవరు అటు పోతుంటే వాళ్ల చేతికిచ్చి పంపాను. చేతులకు ఏదో ఒక పని ఉంటే నోటికి మాట్లాడే పని ఉండదని కాబోలు. డాక్టరు దగ్గరికి పోదామని అది కూడా అనలేదు. బస్సులు నడిచినంక పోతలే అక్కా అనేది. నేను సరే అనేదాన్ని. నాకు తెలిసి కూడా సరే అన్నాను. రొమ్ము సంగతి అడిగిననాడు చెప్పిన అబద్ధాన్ని అయినా ఎప్పుడన్నా తెలియనితనం కింద తోసెయ్యగలనేమో గానీ, ఈ పన్నెండు రోజులను ఎక్కడికీ తోసెయ్యలేను.

పదమూడో రోజు పొద్దున ఆ అమ్మాయి బట్టలు ఆరేస్తుంటే పక్కన నిలబడి అడిగాను. "బిడ్డా, మా ఊళ్లె ఒకామె ఉండె. కడుపుబ్బి పోయింది. ఆమె బిడ్డకు తర్వాత రొమ్ములొచ్చింది. ఇప్పుడు ఆ బిడ్డకు కడుపుబ్బుతున్నది. గిది నువ్వు చెప్పిన లెక్కనేనా?"

ఆ అమ్మాయి చేతిలో తడి దుప్పటి అలాగే ఉంది. నా ముఖం చూసింది. తెలివైన పిల్ల.

"ఎన్ని రోజులైంది ఆంటీ ఉబ్బడం మొదలై?"

అప్పుడు అంతా చెప్పాను. ఒట్టు సంగతి కూడా చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "ఆంటీ, ఇప్పుడే వెళ్దాం. చెప్పులేసుకోండి" అంది.

ఆరోజు ఆటోలు కూడా బందు. కొత్తపేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా నడిచాం. దారిలో టెంటు దగ్గర కుర్రాళ్లు మంచినీళ్లిచ్చారు. "థాంక్సండీ" అని ఆ అమ్మాయి అనగానే ఒకడు "అండీ అంటున్నవ్, ఏ ఊరు మనది?" అన్నాడు. "నా బిడ్డ. నీకెందుకు రా ఊరు, నీళ్లు పొయ్యి" అన్నాను. "సరే పెద్దమ్మా, గరమ్ గాకు" అని ఇంకో గ్లాసు పోశాడు. ఆ కాసేపు నాకు కొంచెం ధైర్యంగా అనిపించింది. తర్వాత చెల్లె ఇంటి సందు మలుపు వచ్చింది.

చెల్లె గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. దాని కూతురు కాలేజీ మూసి ఉంది కాబట్టి స్నేహితురాలి ఇంటికి వెళ్లింది. నేను నిలబడే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. అమ్మది కామెర్లు కాదని, దవాఖానలో అబద్ధం చెప్పానని, ముందే తెలిస్తే రోగం రాకముందే అండాశయాలు తీసేస్తారని, చౌరస్తాలో దాని కడుపు చూసి గుర్తుపట్టానని. చెప్తున్నంతసేపూ దాని నడినెత్తినే చూస్తున్నాను. ఏమవుతుందో అని. ఏమీ కాలేదు. పాపిట, ఉంగరాల జుట్టు, ఒకటి రెండు తెల్లవెంట్రుకలు. అంతే.

అది చాలాసేపు చిక్కుడుకాయలు తుంచుతూనే ఉంది.

"నా తల మీద ఒట్టా?"

"నీ తల మీదనే."

"ఒట్టు తీసి గట్టు మీద పెడ్తరు గని, ముప్పై ఏడేండ్లు నెత్తిన మోస్తరా అక్కా ఎవరన్న? అప్పుడే చెప్పుంటే తీసేస్తుండిరి గదా. తీసేస్తుండిరా, లేదా?" చివరి మాట ఆ అమ్మాయిని అడిగింది.

"అడిగేవాళ్లండీ" అంది ఆ అమ్మాయి మెల్లగా. "పరీక్ష చేసి, తీయించుకుంటారా అని అడిగేవాళ్లు."

"అడుగుతుండిరి" అని చెల్లె అన్నది. లేచి లోపలికి వెళ్లింది. పాత దవాఖాన కాగితాలు తెచ్చి ఆ అమ్మాయి చేతికిచ్చింది. నా చేతికివ్వలేదు.

అండాశయంలోనే వచ్చింది. కడుపు నిండా నీరు తీశారు. అదే డాక్టరమ్మ. ఈసారి నేను మొత్తం చెప్పాను. ఆమె "ముందే తెలిసుంటే" అని అంతటితో ఆపేసింది. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. నెత్తురు పరీక్షకు ఇద్దరివీ పంపారు. చెల్లెకు ఉంది. నాకు లేదు. అమ్మ దగ్గరి చెడిన వంతు దానికి పోయింది, మంచిది నాకొచ్చింది. అబద్ధం చెప్పింది నేను, అనుభవించింది అది. ఆ కాగితం చూసి మా ఆయన సంతోషపడి మిఠాయి తెస్తానన్నాడు. తేవద్దని అరిచాను.

ఎక్కించిన మందు మొదట బాగా పట్టింది. ఎందుకంత బాగా పట్టిందో ఆ అమ్మాయే చెప్పింది. ఆ మందు లోపలి పోగుల్ని బంకపెట్టినట్టు అంటిస్తుందట. నకలు అక్కడికొచ్చి ఆగిపోతుంది, పోగు తెగుతుంది. మంచి కణాలు కష్టపడి అల్లుకుంటాయి. గడ్డలోని కణాలకు అల్లడం రాదు కాబట్టి చచ్చిపోతాయి. ఏ లోటు వల్ల రోగం వచ్చిందో, ఆ లోటు మీదే దెబ్బ కొడతారన్నమాట. "మరి పూర్తిగ పోతదా?" అని అడిగాను. అబద్ధం చెప్పడం ఆ పిల్లకు రాదు. "కొన్నిసార్లు వాటిలో కొన్ని మళ్లీ అల్లడం నేర్చుకుంటాయి ఆంటీ. అప్పుడు మందు పనిచెయ్యదు" అంది.

చెల్లె నాతో పదిరోజులు మాట్లాడలేదు. పంపిన అన్నం టిఫిన్ మూత తీయకుండా తిరిగొచ్చేది. పదకొండో రోజు ఫోను చేసింది. పలకరింపు కూడా లేదు.

"చివర్ల అమ్మ ఏమన్న అడిగిందా?"

"మజ్జిగ అడిగింది. తాగలేకపోయింది."

"ఇంక?"

"నీకు తల దువ్వమని అన్నది."

"రేపు రా" అని ఫోను పెట్టేసింది. పోయాను. ఆ రోజు నుంచి అమ్మ గురించి రోజుకొక సంగతి చెప్పించుకుంది. నిజమైన సంగతులు. క్షమించానని మాత్రం ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు.

మూడేళ్లు బతికింది. రాష్ట్రం వచ్చిన జూన్‌లో మా మరిది ఇంటి మీద జెండా కడుతుంటే కింద కుర్చీలో కూర్చుని "వంకరుంది, వంకరుంది" అని అజమాయిషీ చేసింది. ఆ చలికాలానికి మందులు పనిచెయ్యడం మానేశాయి. పోయే ముందు నెల నన్ను పిలిచి చెప్పింది. "నా బిడ్డకు ఎవ్వరూ ఈ సంగతి సక్కగ చెప్పలేదు. నేను చెప్పలేను. దాచింది నువ్వు, నువ్వే చెప్పు."

చెల్లె పెద్దకర్మ అయ్యాక దాని కూతురికి చెప్పాను. అప్పటికి ఆ పిల్ల డిగ్రీ చదువుతోంది. అమ్మమ్మ కొట్టంలో మొదలుపెట్టి, వాము పొట్లాల దాకా, ఏదీ వదలకుండా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఇంకేమన్న దాచినవా పెద్దమ్మా?"

"ఏం దాచలేదు బిడ్డా. నాకు తెలిసింది గంతే."

నమ్మలేదు. మర్నాడే బస్సెక్కి ఊరికి పోయింది. మూడు రోజులుండి, ముసలివాళ్లందరి దగ్గరా కూర్చుని అడిగి, నోట్‌బుక్‌లో గీతలు గీసుకుని వచ్చింది. ఎవరికి ఎవరు పుట్టారో, ఎవరు దేనితో పోయారో. మా అమ్మమ్మకు ఒక అక్క ఉండేదట. రొమ్ము పుండై చనిపోయిందట. అంటే కొట్టంలో నా చెయ్యి పట్టుకున్న రోజుకే అమ్మమ్మ ఆ రోగాన్ని ఒకసారి దగ్గరగా చూసి ఉంది. నాకు ఆ సంగతి నిజంగా తెలియదు. ఆ పిల్ల నా మాట నమ్మి ఇంట్లో కూర్చుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

ఆ అక్క మునిమనవరాళ్లు ఇద్దరు నాగోల్‌లోనే ఉన్నారని కూడా కనుక్కుని వచ్చింది. ఇద్దరూ నలభై లోపు వాళ్లే. ఎప్పుడూ మాకు రాకపోకలు లేవు. వాళ్లకు చెప్పాలి, పరీక్ష చేయించుకోమనాలి అని కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని ఆదివారం పొద్దున బయల్దేరింది. ముక్కూ ముఖం తెలియని ఇల్లు, చెప్పేది ఇలాంటి మాట, తోడు వస్తానన్నాను.

"వద్దు పెద్దమ్మా" అంది చెప్పులేసుకుంటూ. "నువ్వొస్తే మెల్లగ చెప్తవు."

గేటు వేసి ఒక్కతే వెళ్లింది.